పెట్టె మీద లేని బండి

"నొప్పి తెలిస్తే వెంటనే చెప్పాలి, ఓర్చుకోకూడదు," అంది పచ్చటి తెర అవతలి నుంచి డాక్టరమ్మ. నొప్పి తెలియడం లేదు. ఎవరో బల్ల మీద సుద్దముక్కతో గీస్తున్నట్టుంది, అంతే. ఆ బల్ల తన కుడిచెయ్యే అన్న సంగతి మాత్రం పనిగట్టుకుని గుర్తు చేసుకోవాల్సి వస్తోంది. ఇందాక ఇంజెక్షన్లు పొడవకముందు డాక్టరమ్మ ఆ చేతి మీద నీలం సిరాతో గీతలు గీస్తుంటే ఆమె కళ్ళార్పకుండా చూసింది, చూపుడు వేలి మొదట్లో చిన్న గీత, మణికట్టు వెనకాల ఇంకోటి, బొటనవేలి వైపు వంపు తిరిగి మరొకటి. కోటు గుడ్డ కత్తిరించే ముందు చంక దగ్గర తనూ ఇలాగే గీస్తుంది, చెయ్యి వణక్కుండా, ఒక్క ఊపులో. గీత చూస్తే చాలు కత్తెర ఎలా నడుస్తుందో చెప్పెయ్యొచ్చు, ఈ పిల్లది మంచి చెయ్యి, అనుకుంది అప్పుడే. పిల్లేమిటి, అంత పెద్ద డాక్టరుని పట్టుకుని. కానీ తన మేనకోడలి వయసుంటుందేమో, ఆ ముక్కు మీద చెమట చూస్తే పైటకొంగుతో తుడవాలనిపిస్తుంది. ఆపరేషనే అయినా మత్తిచ్చి నిద్రపుచ్చరట, మెలకువగానే ఉండాలట, ఎందుకంటే చివర్లో తనతో పనుంది: బొటనవేలు ఎత్తమంటారు, ఎత్తాలి. ఎత్తితే సరే. ఎత్తలేకపోతే? ఆ మాట దాకా వచ్చిన మనసు, గుమ్మంలో అప్పులవాడి చెప్పులు చూసిన మనిషిలా గిరుక్కున వెనక్కి తిరిగి, పైన వెలుగుతున్న దీపం వైపు పోయింది.

దీపం ఒక్కటి కాదు, గుండ్రటి దీపాలు వరసగా, ఒక పొడుగాటి పట్టీకి కన్నాలు పెట్టినట్టు. కన్నాల పట్టీ. చిన్నప్పటి ఆ ఎర్ర పెట్టెలో ఉండేవి అలాంటివి, ఆకుపచ్చ ఇనుప పట్టీలు, బుల్లి బోల్టులు, నట్లు, వేలెడంత స్పానరు. నాన్న బస్సుల షెడ్డులో ఫిట్టరు, రోజూ గ్రీజు చేతులతో వచ్చేవాడు, ఆ రోజు మాత్రం చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చాడు, చంకలో పెట్టె ఉంది కాబట్టి. మూత మీద క్రేను బొమ్మ, దాని పక్కన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న అబ్బాయి బొమ్మ. "ముందు చిన్నోణ్ణి ఆడుకోనీవే, నువ్వు పెద్దదానివి కదా," అంది అమ్మ, ఆ పెద్దరికం ఎప్పుడొచ్చిందో ఎవరిచ్చారో తనకి తెలియదు, తమ్ముడు పుట్టిన రోజే తెల్లారేసరికి అంటుకుని ఉంటుంది. వాడు నాలుక బయటపెట్టి, మూత మీద బొమ్మ ఎలా ఉంటే అలా, బోల్టు పోకుండా క్రేను కట్టాడు. కట్టి బీరువా ఎక్కించాడు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఎవరూ ఊదకూడదు, దుమ్ము పట్టినా సరే. వాణ్ణి బతిమాలి, బెదిరించి, చివరికి బడి తెరిచేదాకా వాడి లెక్కలన్నీ తను చేసిపెడతానని ఒప్పందం కుదిరాక గానీ ఆ క్రేను కిందికి దిగలేదు. తీరా ముక్కలన్నీ చాప మీద పరిచాక, మళ్ళీ క్రేనే కట్టాలంటే మనసొప్పలేదు. వాడు కట్టేసినదాన్ని తను కడితే అది తనదెలా అవుతుంది? క్రేను చెయ్యిని వంచి ముందు భాగం చేసింది, కొక్కేన్ని స్టీరింగు చేసింది, మూడు చక్రాలే పెట్టింది, నాలుగోదాన్ని అడ్డంగా పడుకోబెట్టి సీటు చేసింది. అమ్మ వంటగదిలోంచి చూసి, "ఇదేం బండే, ఏ ఊరు పోతుందిది?" అంది. నాన్న మాత్రం గొంతుక్కూర్చుని, అటు చూసి ఇటు చూసి, చిటికెనవేలితో తోశాడు. అది తిన్నగా, బుద్ధిగా, మంచం కిందికి పోయి గోడకి కొట్టుకుని ఆగింది. "ఇది పెట్టె మీద లేదు కదే!" అన్నాడు నాన్న. అంతే అన్నాడు. అందులో మెచ్చుకోలు ఎంతుందో, ఆశ్చర్యం ఎంతుందో, ఇన్నేళ్ళుగా కొలుస్తూనే ఉంది, టేపు అందడం లేదు.

"కొంచెం లాగినట్టు ఉంటుంది, భయపడకండి." లాగినట్టే ఉంది. మోచేతి దగ్గర ఎక్కడో లోపల ఒక దారం కదిలింది, పాత లంగా నడుములోంచి నాడా లాగినట్టు. అది చూపుడు వేలిని ఎత్తే తాడై ఉంటుంది. తన వేలికి రెండు తాళ్ళున్నాయని ఈ వయసు దాకా తనకే తెలియకపోవడం ఏమిటి? ఎన్ని వందల కోట్లు కత్తిరించింది ఆ చేత్తో, ఒక్కరోజైనా అది చెప్పలేదు. కోట్లు కుట్టే ఆ పెద్ద షాపులో అందరికీ తను మాస్టరమ్మే, కటింగ్ బల్ల తనది, ఆ బల్ల మీద ఇంకెవరూ టీ గ్లాసు కూడా పెట్టరు. తడి మెట్ల మీద జారి పడ్డ రోజు కూడా భుజాన కోటు గుడ్డ తానుంది, బూడిదరంగు మీద సన్న గీతలు, ఖరీదైనది. తానుని గుండెలకి హత్తుకుని చేతి మీద పడింది. గుడ్డకి మరక అంటలేదు, మణికట్టు విరిగింది. "గుడ్డ పోతే గుడ్డ వస్తుంది గానీ నీకేమైనా బుద్ధుందా అమ్మా?" అన్నాడు ఓనరుగారు, అని, మళ్ళీ తానుని విప్పి ఓసారి చూసుకున్నాడు. పిండికట్టు వేశారు, తీశారు, అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒక మధ్యాహ్నం కత్తెర మూసుకుంది, తెరుచుకోలేదు. తుప్పు పట్టిందనుకుంది. నూనె వేసింది. మర బిగుసుకుందేమో అని వదులు చేసింది. సాన పెట్టేవాణ్ణి పిలిపించి చీవాట్లు పెట్టింది, అతను పాపం కత్తెర తీసుకుని గాల్లో నాలుగు సార్లు ఆడించి, "బాగానే ఉందిగా మాస్టరమ్మా, ఏదీ మీరోసారి పట్టుకోండి," అన్నాడు. పట్టుకుంది. కత్తెరకేం లోటు లేదు. బొటనవేలు మూస్తోంది, తెరవడం లేదు, తల వాల్చేసి, నిద్రపోయిన కోడిలా అరచేతిలోకి ఒరిగిపోయింది. ఆమె ఎడంచేత్తో దాన్ని పైకెత్తి వదిలింది. మళ్ళీ పడుకుంది. ఎత్తింది, పడుకుంది. సాన పెట్టేవాడు తన సైకిలు వైపు చూడసాగాడు, పాపం, ఎటు చూడాలో తెలియక.

"నరం తెగిందా?" అని అడిగితే, "నరం కాదండీ, కండరాన్ని వేలికి కట్టే తాడు," అంది డాక్టరమ్మ మొదటిసారి చూసిన రోజు. విరిగి అతుక్కున్న ఎముక అంచుకి రోజూ రాసుకుని రాసుకుని, పీచు పీచై, తెగిపోయిందట. తెగిన రెండు కొసలూ కలిపి కుట్టడానికి లేదట, చివికిపోయాయట. ఆ మాట తనకి ఇంకెవరూ విడమరచి చెప్పనక్కర్లేదు, చివికిన గుడ్డ సూది గుచ్చితే ఎలా విచ్చుకుపోతుందో తెలుసు. అయితే ఇంకేం చేస్తారు? "చూపుడు వేలిని ఎత్తడానికి రెండు తాళ్ళుంటాయి. ఒకటున్నా దాని పని అది చేసుకుంటుంది. రెండోదాన్ని తెచ్చి బొటనవేలికి కడతాం." ఆమె కుర్చీలో ముందుకి జరిగింది. "అంటే బయటి ముక్క ఏదీ పెట్టరా?" "పెట్టం." "ఉన్నవాటితోనే?" "ఉన్నవాటితోనే." పక్కన కూర్చున్న తమ్ముడి మోకాలి మీద ఆమె ఠపీమని కొట్టింది, ఎడంచేత్తో. వాడు ఉలిక్కిపడి కుడికాలితో నేలని గట్టిగా తొక్కాడు. డ్రైవింగ్ నేర్పే మనిషి, ఎక్కడ భయమేసినా కాలు బ్రేకు వెతుక్కుంటుంది, సినిమా హాల్లో కూడా తొక్కుతాడు, మరదలు పక్క సీట్లో కూర్చోదు. బయటికొచ్చాక బస్టాపులో వాడు మొహం చిన్నబుచ్చుకుని, "బాగున్న వేలిని కూడా చెడగొట్టుకోవడం దేనికక్కా? ఒకటి పోయింది, సరే. రెండోదీ పోతే?" అన్నాడు. ఓనరుగారు మంచివాడే, "కొలతలు తీసుకో, గుండీలు చూసుకో, జీతం జీతమే," అన్నాడు, అలాగే చేస్తోంది, కస్టమరు భుజాల మీద టేపు పరుస్తూ అవతల తన బల్ల మీద కొత్త కుర్రాడు గీత పక్కనుంచి కత్తిరించడం చూస్తోంది, నోరు మూసుకుని. కత్తిరిస్తున్నప్పుడు వచ్చే ఆ చప్పుడు, పొడి ఆకుల మీద ఎవరో నెమ్మదిగా నడుస్తున్నట్టుండే చప్పుడు, అది తన చేతికింద నుంచి రావాలి గానీ గదికి అవతలి చివరి నుంచి కాదు. చేయించుకుంటాను, అంది ఆమె. వాడు బస్సు వస్తుంటే చూస్తూ, "నువ్వు ఎప్పుడు విన్నావు గనక," అన్నాడు.

తలుపు తెరుచుకుంది, చెప్పుల చప్పుడు, నర్సమ్మ. మాస్కు మీంచి కనిపిస్తున్న కళ్ళలోనే నవ్వుంది. "బయట నీలం చొక్కా ఆయన మీ తమ్ముడుగారేనా? ఆయన దగ్గర బ్యాగులో ఏదో బొమ్మబండి ఉంది, అది విప్పేస్తున్నారు. బెంచీ నిండా ముక్కలే." ఆమె తల ఎత్తబోయింది. "విప్పేస్తున్నాడా! ఎవరు విప్పమన్నారు? అది సగం అయిందండీ!" "కదలకండి," అంది డాక్టరమ్మ. కదల్లేదు, నోరొక్కటే కదిలింది. ఇంటి తాళం కూడా వాడికిచ్చింది, ఆ బండి ఒక్కటే ఇవ్వకూడదనుకుంది, కానీ తన భర్త రైల్లో గార్డు, తెల్లారే డ్యూటీకి వెళ్ళిపోయాడు, రైలుని మధ్యలో వదిలేసి రావడానికి అది ఈ పెట్టెలో బండి కాదు కదా. ఇల్లు ఖాళీగా ఉంటే బల్ల మీది ముక్కలు పక్కింటి పిల్లి దొర్లిస్తుంది, అందుకని బ్యాగులో పెట్టి తెచ్చింది. ఏటా ఒక పెట్టె కొంటారు అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి, ఇప్పుడు ఇనుము లేదు, అంతా ప్లాస్టిక్కే, బోల్టులకి బదులు పిన్నులు. తమ్ముడు మొదటి ఆదివారం మూత మీది బండి కడతాడు, పుస్తకం ముందు పెట్టుకుని, పేజీ పేజీకి వేలు తడుపుకుంటూ. ఆ తర్వాత ఆమె దాన్ని విప్పి, అవే ముక్కలతో రెండో బండి కడుతుంది. బొమ్మ ఉండదు, పుస్తకం ఉండదు. పెట్టె మీద ఉన్నది కాకూడదు, బయటి ముక్క రాకూడదు, అదీ నియమం. బుల్‌డోజరు పెట్టెలోంచి మంచు తోసే బండి, రేసుకారు పెట్టెలోంచి ట్రాక్టరు తీసింది, రేసుకారుకి అంత అవమానం ఎప్పుడూ జరిగి ఉండదని వాడు వారం రోజులు అన్నాడు. ఈసారి మళ్ళీ క్రేను లారీ. "దీంట్లోంచి ఏమీ రాదు, చూస్తూండు. క్రేనంటే క్రేనే," అన్నాడు వాడు. రోడ్లూడ్చే బండి వస్తుంది, అంది ఆమె. క్రేను తాడు చుట్టుకునే ఆ డ్రమ్ము ఉంది చూడు, దాని చుట్టూ నల్ల పిన్నులు గుచ్చితే చీపురు. బండి కదిలితే చీపురు తిరగాలి, చేత్తో తిప్పితే అది ఊడ్చే బండి కాదు, ఊడ్చే మనిషి.

అక్కడే వచ్చింది చిక్కు. చీపురు ముందుంది, నడిపించే చక్రాలు వెనకున్నాయి, మధ్యలో జానెడు దూరం. అంత దూరం తిప్పుడుని మోసుకురావడానికి గేర్లు చాలవు. స్టీరింగు దగ్గర రెండు పెట్టేసింది, అవి తీస్తే బండి వంకర తిరగదు, తియ్యకపోతే చీపురు తిరగదు. ఎడంచేత్తోనూ, కుడిచేతి నాలుగు వేళ్ళతోనూ ఎన్ని రకాలుగానో పెట్టి చూసింది, పిన్ను పీకాలంటే బొటనవేలి గోరు కావాలి, అది పడుకుని ఉంది, పళ్ళతో పీకింది, ఒక పిన్ను మీద పంటిగాటు కూడా పడింది. ఇప్పుడు ఈ బల్ల మీద చేతులు రెండూ లేనట్టే, ఒకటి మొద్దుబారి అవతలుంది, ఇంకోదానికి బీపీ పట్టీ. కానీ లోపలి చేతులకి ఏ అడ్డూ లేదు, అవి బండిని ఎత్తి దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పుతున్నాయి, పైకి, కిందికి, వెనక్కి. వెనక నుంచి చూస్తే ఎంత ముద్దుగా ఉందో, నడిపించే చక్రాలు ఇదిగో ఇక్కడే, చేతికందేంత దగ్గర, చీపురు ఇక్కడుండి ఉంటే ఒక్క గేరు చాలును, ఎక్కడో అక్కడ ముందు ఎందుకు పెట్టినట్టు, ముందు కాబట్టి ముందు పెట్టింది, అది ముందని ఎవరన్నారు, డ్రైవరు అటు చూస్తున్నాడు కాబట్టి అది ముందు, మరి డ్రైవరు ఇటు చూస్తే...

"సీటు తిప్పితే సరి!"

తెర అవతల చేతులు ఆగాయి. "ఏంటండీ? ఏమైనా తెలుస్తోందా?" అంది డాక్టరమ్మ కంగారుగా. "లేదమ్మా, మీరు కానివ్వండి. నర్సమ్మా, నీకు పుణ్యముంటుంది, మా తమ్ముడికి ఒక్క మాట చెప్పి రావా? సీటు వెనక్కి తిప్పమను. వెనకే ముందు. చీపురు పెద్ద చక్రాల పక్కకి తెమ్మను, అంతే, వాడికి అర్థమవుతుంది." నర్సమ్మ డాక్టరమ్మ వైపు చూసింది. "వెళ్ళిరా, లేకపోతే వీరు లేచి వెళ్ళేలా ఉన్నారు," అంది డాక్టరమ్మ. నర్సమ్మ ఆ మాటలు పాఠం వల్లించినట్టు గొణుక్కుంటూ వెళ్ళింది, సీటు వెనక్కి, వెనకే ముందు, చీపురు పెద్ద చక్రాల పక్కకి. పాపం బొమ్మ లేకుండా బండి కట్టడం వాడికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. చెమట్లు పడుతుంటాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా చుట్టూ చేరి ఉంటారు, తలా ఒక సలహా ఇస్తుంటారు, కాళ్ళ కింద ఒక పిన్ను దొర్లిపోయి ఉంటుంది, వాడు వంగి బల్లల కింద వెతుకుతూ ఉంటాడు. ఎందుకు విప్పాడో అప్పుడు తట్టింది ఆమెకి. ఊరికే కూర్చోలేక. ఆ కాలు బ్రేకు వెతుక్కుంటూ ఉంటే, చేతులకి ఏదో ఒకటి ఇవ్వాలి కదా. తెర పచ్చదనం కళ్ళలో కొంచెం చెదిరింది, కన్ను తుడుచుకోవడానికి చెయ్యి లేదు, అలాగే వదిలేసింది, ఆ తడి చెవి పక్క నుంచి జారి దిండులోకి ఇంకింది.

నర్సమ్మ తిరిగొచ్చింది. "ఆ మాటేదో ముందే చెప్పి ఏడవొచ్చు కదా అన్నారండీ," అంది. మళ్ళీ ఆగి, "తిరుగుతోందట. చీపురు," అంది.

"ఇక్కడ కూడా అయింది," అంది డాక్టరమ్మ. "ముడి వేశాను. తెర తీస్తున్నాను, చూడగలరా? గాయం మీద గుడ్డ కప్పాను లెండి." చూడగలదు. పసుపు రంగు మందు పూసిన చెయ్యి, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు, కానీ చూపుడు వేలి పక్కన ఆ సూది పోట్ల కాయలు తనవే. "బొటనవేలు పైకెత్తండి." ఎత్తింది. అంటే, ఎత్తాననుకుంది. వేలు అలాగే ఉంది, తల వాల్చుకుని. ఇంకా గట్టిగా ఎత్తింది, పళ్ళు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా, ఒళ్ళంతా కలిసి ఒక్క వేలిని ఎత్తుతున్నట్టు. ఏమీ లేదు. పక్కన ఏదో యంత్రం తన గుండెని పైకే చదివేస్తోంది, తొందర తొందరగా. ఒకటి పోయింది, సరే, రెండోదీ పోతే, అన్నాడు వాడు. గుండీలు చూసుకోవచ్చు. కొలతలు తీసుకోవచ్చు. జీతం జీతమే. "అటు కాదండీ," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "ఆ దారి మూసేశాం. మీరు పాత చోటికే కబురు పంపిస్తున్నారు. బొటనవేలిని మర్చిపోండి. చూపుడు వేలు ఎత్తండి. ఎవరినో వేలెత్తి చూపిస్తున్నట్టు."

ఎవరిని చూపించాలి? షాపులో వేలెత్తి చూపిస్తే ఎంతమంది మొహాలు మాడిపోయేవో, గుండీ కాజా పక్కకి కుట్టిన కుర్రాణ్ణి, గుడ్డ అడ్డం పరిచిన కుర్రాణ్ణి, వాళ్ళెవరూ ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. గోడ అవతల బెంచీ మీద నీలం చొక్కా గుర్తొచ్చింది. అదిగో, వాడే, అంది లోపల్లోపల, అదిగో మా తమ్ముడు.

బొటనవేలు లేచింది.

తను చెప్పలేదు దానికి. చెప్పింది ఇంకోదానికి. చూపుడు వేలు కూడా లేచింది, పక్కనే, ఒకే పిలుపుకి పలికిన ఇద్దరు అక్కచెల్లెళ్ళలా, కానీ బొటనవేలు సగం దాకా వచ్చి, ఎక్కడికొచ్చానో చూసుకుంటున్నట్టు ఆగింది. ఆమెకి నవ్వొచ్చింది, పొట్టలోంచి వచ్చింది, బల్ల ఊగింది. "అమ్మా, కదలకండి!" "ఎలా ఆపుకోమంటారమ్మా? ఒకర్ని పిలిస్తే ఇంకొకరు వచ్చారు!" డాక్టరమ్మ కూడా నవ్వేసింది, మాస్కు ఉబ్బింది. "కొంచెం వదులైంది. ఇంకాస్త లాగి కడతాను." "లాగండి, మరీ బిగించకండి, ముడత పడుతుంది," అంది ఆమె, అలవాటు చొప్పున. మళ్ళీ నాడా లాగినట్టు, మళ్ళీ సుద్దముక్క, మళ్ళీ "ఎత్తండి." ఈసారి పూర్తిగా లేచింది, నిటారుగా, గోరు దీపం వెలుగులో మెరిసేలా. "ఇప్పుడు మడవండి. మళ్ళీ. బాగుంది. కట్టు తీశాక కొన్నాళ్ళు ఇలాగే చూపుడు వేలిని తలుచుకుని ఎత్తాలి. ఆ తర్వాత అదే మర్చిపోతుంది." "ఎవరు మర్చిపోయేది? వేలా, నేనా?" డాక్టరమ్మ సూదీ దారం అందుకుంటూ ఆగింది. "అదేమిటో, ఇంతకుముందెవరూ అడగలేదండీ," అంది. "ఆలోచించి చెప్తాను. ఇంక చాలు, చెయ్యి వదిలెయ్యండి, కుట్లు వెయ్యనివ్వండి."

"ఒక్కసారి," అని, ఎవరూ అడగకుండానే, ఆమె మళ్ళీ ఎత్తింది.